ఆటలో అరటిపండు

"నేను అడగను నాన్నా" అన్నాడు మా పన్నెండేళ్ల వాడు, సీటు బెల్టు పెట్టుకుంటూ. బేస్‌బాల్‌లో ఒక వారం సెకండ్ బేస్‌లో, మరో వారం రైట్ ఫీల్డ్‌లో, ఎవరైనా రాకపోతే వాళ్ల చోట వాణ్ణి నిలబెడుతున్న కోచ్ దగ్గరికి వెళ్లి, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ స్థానం తనకే ఇమ్మని అడగమంటూ మూడు వారాలుగా వాడి ప్రాణం తీస్తున్నాను. ఆ రోజు నోరు జారి, "నువ్వు ఆటలో అరటిపండువైపోయావురా" అని కూడా అన్నాను. ఆ మాటకు అర్థం వాడికి తెలియదు. విడమరిచి చెప్పి మరీ నొప్పించిన ఘనత నాదే.

వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "బెన్ జోబ్రిస్ట్ కూడా అంతే కదా" అన్నాడు.

షికాగో దగ్గర ఇన్నేళ్లుగా ఉంటున్నా, ఆ బేస్‌బాల్ ఆటగాడి పేరు వినగానే నాకు గుర్తొచ్చేది ఒక్క దెబ్బే. 2016 నవంబరు 2న క్లీవ్‌లాండ్‌లో జరిగిన, బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ 6-6 దగ్గర ఉండగా, పదిహేడు నిమిషాల వాన విరామం తరువాత, పదో ఇన్నింగ్స్‌లో ఆయన ఎడమ గీత వెంబడి కొట్టిన డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చిన దెబ్బ అది. 108 ఏళ్ల తరువాత ఆయన ఆడిన షికాగో జట్టు కబ్స్ విజేతలయ్యారు, ఆ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఆయనకు దక్కింది. మిగిలిన కథ ఆ రాత్రి కూర్చుని చదువుకున్నాను. 2004లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఆస్ట్రోస్ జట్టువాళ్లు ఆయనను ఆరో రౌండ్‌లో తీసుకుని, రెండేళ్లకే టాంపా బే జట్టుకు ఇచ్చేశారు. నిలదొక్కుకునే సరికి ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి. 2009లో పిచర్, క్యాచర్ స్థానాలు తప్ప మిగిలిన ఏడింటిలోనూ ఆడుతూ, అటు కుడిచేత్తోనూ ఇటు ఎడమచేత్తోనూ బ్యాటింగ్ చేస్తూ, 27 హోమ్ రన్లు కొట్టి, ఆ ఏటి మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. ఖాళీలు పూడ్చడానికి వాడుకునే మనిషి కాడు, ఎక్కడ పెట్టినా జట్టులో రోజూ ఉండి తీరవలసిన మనిషి. ఈ తేడా నాకు నా కొడుకు చెబితే గానీ తెలియలేదు.

అయినా వెంటనే ఒప్పుకుంటే నేను నాన్ననెలా అవుతాను? మర్నాడు కాఫీ తాగుతూ మా హైదరాబాదీ లక్ష్మణ్‌ను రంగంలోకి దించాను. ఓపెనర్‌గా 2000లో సిడ్నీలో 167 కొట్టి కూడా, ఇకపై ఓపెనింగ్ చేయనని తెగేసి చెప్పిన మనిషి, తన చోటు కోసం పట్టుబట్టిన మనిషి అని గట్టిగా వాదించాను. వాడు ఫోన్‌లో ఏదో వెతికి, నా ముందు పెట్టాడు. 2001 కోల్‌కతా టెస్టులో 281 కొట్టింది ఆయన రోజూ ఆడే ఆరో స్థానంలో కాదు, మొదటి ఇన్నింగ్స్‌లో 59 చేశాక మూడో స్థానానికి పంపితే. ఆ చోటు వదులుకుని ఆరో స్థానానికి దిగిన ద్రావిడ్ 180 చేశాడు. ఆ మ్యాచ్ మొత్తం చూసినవాణ్ణి నేను, మరిచిపోయినవాణ్ణీ నేనే.

నిజానికి మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి, అక్కడినుంచి ఏ ప్రాజెక్టులో ఖాళీ ఉంటే అందులోకి దూరి ఇల్లు గడుపుతున్నవాణ్ణి. శనివారం పొద్దున తెలుగు తరగతి, సాయంత్రం లెక్కల ట్యూషన్, ఆదివారం గుడిలో పంచె అంటూ వాణ్ణి కూడా ఏడు చోట్ల ఆడిస్తున్నవాణ్ణి. బేస్‌బాల్‌లో మాత్రం ఒకే చోటు కావాలని ఎందుకు పట్టుబట్టానంటే, వీడు ఈ దేశంలో ఎక్కడైనా కదలకుండా నిలబడితే చూడాలన్న భయం లాంటి కోరిక అని ఇప్పుడు అనిపిస్తోంది. లేక షార్ట్‌స్టాప్ తండ్రినని చెప్పుకోవాలన్న మామూలు డాబేనేమో.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డ్ గ్లవ్ చిన్నది, వాటికి అవతల దూరంగా ఉండే అవుట్‌ఫీల్డ్‌కు పెద్దది కావాలి. "ఒక్కటి చాల్లే" అని నేను కొన్నది చిన్నదే. రైట్ ఫీల్డ్‌కు వెళ్లిన ప్రతిసారీ వాడు స్నేహితుడి గ్లవ్ అడిగి తెచ్చుకుంటున్నాడని, లోపల చెమటకు నల్లబడిన వేరే పిల్లవాడి పేరు చూసేదాకా నాకు తెలియదు.

పెద్దది కొన్నాను. తోలు మెత్తబడాలని నూనె రాసి, మధ్యలో బంతి పెట్టి, రబ్బరు బ్యాండ్లు చుట్టి పరుపు కింద పెట్టుకున్నాడు. మొన్న శనివారం కోచ్ వాణ్ణి సెంటర్ ఫీల్డ్‌కు పంపాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని, మూడో ఇన్నింగ్స్ దాకా షార్ట్‌స్టాప్ వైపే చూస్తూ ఉండిపోయాను.