ఆర్లింగ్టన్‌లో జనమే జనం, ఆటస్థలం దగ్గర ఎవరూ లేరు

మా అబ్బాయి వాళ్ళు అమెరికాలో వాషింగ్టన్ దగ్గరున్న హెర్న్‌డన్‌లో ఉంటారు. వైట్‌హౌస్, మ్యూజియాలు మొదటి మూడు రోజుల్లో అయిపోయాయి, వాటి గురించి రాయడానికి నాకేమీ లేదు. నాలుగో రోజు ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి వెళ్ళాం. లోపలికి వెళ్ళడం ఉచితమే గానీ తిప్పి చూపించే ట్రామ్‌కి టికెట్టుంది. నలుగురికీ ఎంతవుతుందో రూపాయల్లో లెక్కేసి మా ఆవిడ వద్దే వద్దంది. ఎండలో నడిచే గుట్ట ఎక్కాం.

ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ సమాధి దగ్గర ఎప్పుడూ వెలిగే జ్యోతి ఉంటుంది. దాని ముందున్న రాతి గోడ మీద, 1961 జనవరి 20న ఆయన పదవి చేపడుతూ చేసిన ప్రసంగంలోని వాక్యాలు చెక్కారు. నేను తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు సోషల్ చెప్పాను. 'దేశం నీకేం చేస్తుందని కాదు, దేశానికి నువ్వేం చేయగలవో అడుగు' అన్న మాట పిల్లలచేత బోర్డు మీద రాయించని ఏడాది లేదు. అది రాతి మీద కనిపించగానే ఒళ్ళు పులకరించింది. కానీ అదే గోడ మీద నేను ఎప్పుడూ పాఠంగా చెప్పని వాక్యం ఇంకొకటుంది. స్వేచ్ఛ నిలబడడానికి ఎంత మూల్యమైనా చెల్లిస్తాం, ఏ భారమైనా మోస్తాం, ఏ మిత్రుడికైనా అండగా ఉంటాం, ఏ శత్రువునైనా ఎదిరిస్తాం అని.

దాని ముందు ఒక పెద్దాయన టోపీ చేతిలో పట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. పలకరించాను. వియత్నాంలోని సైగాన్ నుంచి వచ్చి ఇక్కడికి దగ్గర్లోని ఫాల్స్ చర్చ్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడట, వాళ్ళ నాన్న దక్షిణ వియత్నాం సైన్యంలో చేశాడట. ఆ 'మిత్రుడు' అన్న మాట వైపు వేలు చూపించి, "అది మేమే అనుకున్నాం" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. నీళ్ళ సీసా ఇస్తే రెండు గుక్కలు తాగి, నా భుజం తట్టి కిందికి దిగిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కెనెడీ వచ్చేనాటికి వియత్నాంలో అమెరికా సైనిక సలహాదారులు వెయ్యి లోపే, ఆయన పోయేనాటికి దాదాపు 16,000. యుద్ధాన్ని ప్రసంగమే తెచ్చిందని నేననను, అంతకుముందు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాలం నుంచీ ఆ దారి ఉంది. కానీ లోకమంతా వింటుండగా ఇచ్చిన మాట తరవాత వచ్చినవాళ్ళ మెడకు కూడా చుట్టుకుంటుంది. 1965 ఏప్రిల్‌లో, కెనెడీ తరవాత అధ్యక్షుడైన జాన్సన్, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో వియత్నాం గురించి మాట్లాడుతూ, మేమిచ్చిన మాట నిలబెట్టుకోవాలి అనే చెప్పాడు.

అందుకే, ఆయన మరోలా మాట్లాడిన చోటు కూడా చూడాలని, మర్నాడు మెట్రో రైలు రెడ్ లైన్ ఎక్కి టెన్లీటౌన్‌లో దిగి అమెరికన్ యూనివర్సిటీకి వెళ్ళాను, ఒక్కణ్ణే. 1963 జూన్ 10న ఇదే కెనెడీ ఇక్కడి ఆటస్థలంలో డిగ్రీలు తీసుకునే పిల్లల ముందు మాట్లాడాడు. క్యూబా క్షిపణుల టెన్షన్‌లో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్ళొచ్చి ఎనిమిది నెలలు కూడా కాలేదు. శాంతి గురించి, రష్యా గురించి మన ఆలోచనను మనమే ఒకసారి పరీక్షించుకుందాం అన్నాడు. మాటలతో ఆగలేదు. ఇతరులు చేయనంత కాలం వాతావరణంలో అణు పరీక్షలు మేమూ చేయం అని అక్కడే ప్రకటించాడు. ఆగస్టు 5న మాస్కోలో అలాంటి పరీక్షలను నిషేధించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సెప్టెంబరులో అమెరికా సెనేట్ 80-19తో ఆమోదించింది. అణు పరీక్షలు ఆపండని నెహ్రూ 1954లోనే లోక్‌సభలో అడిగాడు కాబట్టి, ఆ ఆగస్టులోనే మన దేశమూ సంతకం చేసింది. (జూన్ 10 తరవాత పదహారు రోజులకే బెర్లిన్‌లో, కమ్యూనిస్టులతో కలిసి పనిచేయొచ్చనేవాళ్ళను బెర్లిన్ వచ్చి చూడమన్నదీ ఈయనే. అది నాకిప్పటికీ మింగుడుపడదు.)

ఇంత జరిగిన చోట ఒక చిన్న ఫలకం, అంతే. నిన్న ఆ గోడ ముందు ఫోటోల కోసం వరస కట్టారు, ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నాకు బాధేసింది. దారి అడిగితే ఇద్దరు విద్యార్థులు అలాంటిదొకటి ఉందా అన్నారు. బల్ల మీద కూర్చుని ఫోన్లో ఆ ప్రసంగం పెట్టాను. మనమంతా పీల్చేది ఒకే గాలి, మన పిల్లల భవిష్యత్తు మనందరికీ ప్రియమే, మనమంతా చనిపోయేవాళ్ళమే అన్న చోట ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

అంతలో కోడలి ఫోను, మనవణ్ణి బడి నుంచి తీసుకురావాలని. మిగిలిన ప్రసంగం టెన్లీటౌన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి విన్నాను, అయిపోలేదని వచ్చిన రైలు ఒకటి వదిలేసి.