అనంతపురంలో మేడ మీద యాంటెన్నా: గాలిలోని నీరు, నేల నడక – నా అనుభవం

జీపీఎస్ ఉపగ్రహం నుంచి దిగే సిగ్నల్ గాలిలో కాస్త నెమ్మదిస్తుంది. సముద్రమట్టం దగ్గర, నడినెత్తి నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆ ఆలస్యాన్ని దూరంలోకి మారిస్తే సుమారు 2.4 మీటర్లు. సర్వే చేసేవాళ్ళకి అది వదిలించుకోవాల్సిన పీడ. ఆకాశంలో ఎంత ఆవిరి ఉందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి కావలసింది అదే. అనంతపురంలో ఒకే యాంటెన్నాతో ఆవిరినీ, నేల కదలికనీ కొలవబోయాను. మేడ మీది యాంటెన్నా మొదటిదానికి చాలింది, రెండోదానికి చాలలేదు.

బిగింపులో ముఖ్యమైనవి మూడు. కింద పిల్లర్ ఉన్న చోటే దిమ్మె పోయించి 5/8 అంగుళాల స్టీలు బోల్టు దించాలి. స్లాబు మధ్యలో పెడితే పక్కన నీళ్ళ ట్యాంకు నిండినప్పుడల్లా స్లాబు వంగుతుంది. కేబుల్ జాయింటుకి రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి, లేకపోతే తొలకరికే నీరు దిగి సిగ్నల్ పడిపోతుంది. యాంటెన్నా మోడల్ పేరు రైనెక్స్ ఫైలు (రిసీవర్ కొలతల్ని దాచే ప్రామాణిక ఫైలు) హెడర్‌లో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పేరు తప్పితే ఫేజ్ సెంటర్ (యాంటెన్నాలో సిగ్నల్ అందుకున్నట్టు లెక్కకొచ్చే బిందువు) దిద్దుబాటు పడదు, ఎత్తు సెంటీమీటర్లలో తప్పుతుంది.

రిసీవర్ రెండు ఫ్రీక్వెన్సీలదై ఉండాలి. 30 సెకన్లకొక కొలత చొప్పున 24 గంటల ఫైలు తీసి, కెనడా ప్రభుత్వ సంస్థ నడిపే సీఎస్ఆర్ఎస్-పీపీపీ అనే ఆన్‌లైన్ లెక్కింపు సేవకి పంపాను. రెండు వారాలు ఆగి పంపితే ఫైనల్ కక్ష్యలు, అంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో చెప్పే కచ్చితమైన తుది లెక్కలు దొరుకుతాయి. ఆర్‌టీకేలిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా చేసేవాళ్ళు ట్రోపోస్ఫియర్ (వాతావరణపు కింది పొర) ఆప్షన్‌ని సాస్టమోయినెన్ అనే సూత్రం దగ్గరే వదిలేయకండి. అప్పుడు వచ్చేది నమూనా విలువే తప్ప కొలత కాదు. ఎస్టిమేట్ జెడ్‌టీడీ (నడినెత్తి మొత్తం ఆలస్యాన్ని డేటా నుంచే అంచనా కట్టడం) పెట్టాలి.

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది గాలి పీడనం. మొత్తం ఆలస్యంలోంచి పొడిగాలి వాటా తీసేస్తే తడి వాటా మిగులుతుంది. పొడి వాటాని పీడనంతోనే లెక్కిస్తాం. అనంతపురం ఎత్తు సుమారు 350 మీటర్లు కాబట్టి ఇక్కడి అసలు పీడనం 970 హెక్టోపాస్కల్ దగ్గర ఉంటుంది. నేను మాత్రం సముద్రమట్టానికి సరిచేసిన 1008ని వాడాను. ఆ 38 తేడా పొడి వాటాని సుమారు 87 మిల్లీమీటర్లు పెంచేసింది, ఆవిరి లెక్కలో (పైనున్న ఆవిరంతా నీరైతే ఎంత ఎత్తు నిలుస్తుందన్న లెక్క) 14 మిల్లీమీటర్ల నీరు మాయమైంది. వాన ముసురుకున్న రోజున కూడా గ్రాఫు ఎండాకాలంలా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. యాంటెన్నా పక్కనే బారోమీటర్ పెట్టుకోవడం మేలు. ఎత్తు 9 మీటర్లు మారితే పీడనం దాదాపు 1 హెక్టోపాస్కల్ మారుతుంది, అది ఆవిరిలో సుమారు 0.4 మిల్లీమీటర్.

తడి ఆలస్యాన్ని సుమారు 0.16తో గుణిస్తే నీటి ఎత్తు వస్తుంది. తడి ఆలస్యం 30 సెంటీమీటర్లుంటే నీరు దాదాపు 48 మిల్లీమీటర్లు. ఆ 0.16 గాలి సగటు ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది. నేల దగ్గరి ఉష్ణోగ్రత నుంచి ఆ సగటుని రాబట్టడానికి 1992లో బెవిస్ అనే శాస్త్రవేత్త బృందం ఇచ్చిన సూత్రం అమెరికా బెలూన్ కొలతల మీద కట్టింది, మన ఉష్ణమండలానికి స్థానిక సర్దుబాటు కావాలి.

ఇంకో రెండు మోసాలున్నాయి. గ్రాఫులో ఒక వంకర రోజూ 4 నిమిషాలు ముందుగా, అదే ఆకారంలో వస్తుంటే అది ఆవిరి కాదు. పక్కనున్న రేకుల షెడ్డు నుంచి తిరిగొచ్చే సిగ్నల్. మనం భూఅయస్కాంత మధ్యరేఖకి దగ్గరలో ఉన్నాం కాబట్టి మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల పొద్దుగుంకాక అయనోస్ఫియర్ (వాతావరణంలో పైనుండే విద్యుదావేశపు పొర) అల్లరి చేస్తుంది, సిగ్నల్ తెగిపోయి సైకిల్ స్లిప్పులు, అంటే రిసీవర్ తరంగాల లెక్క తప్పడాలు పడతాయి. రాత్రి 7 నుంచి 12 దాకా కొలతల్ని అనుమానంతోనే చూడాలి. యూటీసీలో అది 13:30 నుంచి 18:30.

ఇక నేల కదలిక. ఏడాది గ్రాఫు గీస్తే ఊరు ఈశాన్యంగా సుమారు 5 సెంటీమీటర్లు జరిగినట్టుంటుంది. అది భారత ఫలకం మొత్తం నడక. హైదరాబాదు, బెంగళూరు స్టేషన్లూ దాదాపు అంతే వేగంతో పోతున్నాయి. దాన్ని తీసేశాక ద్వీపకల్పంలో మిగిలేది ఏడాదికి మిల్లీమీటరో, రెండో. 10 మీటర్ల కట్టడం 20 డిగ్రీలు వేడెక్కితే తానే 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన ఎండలకి మేడ ఎప్పుడూ ఊపిరి పీల్చి వదులుతూనే ఉంటుంది! పైగా ఆలస్యం అంచనా 1 సెంటీమీటరు తప్పితే ఎత్తు దాదాపు 3 సెంటీమీటర్లు తప్పవచ్చు. అందుకే ఎలివేషన్ మాస్క్ (దిగంతం నుంచి ఎంత ఎత్తు కోణానికి కిందున్న ఉపగ్రహాల్ని వదిలేయాలన్న హద్దు) 15 డిగ్రీల దగ్గర కాక 7కి దించి, కింది ఉపగ్రహాల్నీ కలుపుకోవాలి. అప్పుడే ఎత్తు, ఆలస్యం ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి.

కదలిక కోసం బయటికి తేలిన బండరాయిలో రంధ్రం చేసి, ఎపాక్సీతో స్టీలు కడ్డీ నాటాలి. అనంతపురం గుట్టల్లో అలాంటి రాయికి కొదవ లేదు. కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో దిమ్మె కడితే మాత్రం వానకి ఉబ్బి ఎండకి పగిలే మట్టినే కొలుస్తాం. కర్నూలు వైపు శ్రీశైలం జలాశయం నిండితే ఆ బరువుకి చుట్టూ నేల మిల్లీమీటర్ల స్థాయిలో కుంగి, నీరు తగ్గాక లేస్తుంది. ఈ ఏడాది చక్రం వేగాన్ని పాడుచేయకుండా ఉండాలంటే కనీసం రెండున్నరేళ్ళ డేటా కావాలి. మధ్యలో యాంటెన్నా మారిస్తే గ్రాఫులో ఒక మెట్టు పడుతుంది. మార్చిన తేదీ, గంట రాసి పెట్టుకోకపోతే ఆ మెట్టు యాంటెన్నాదో, నేలదో తర్వాత ఎవరూ తేల్చలేరు.