చేత్తో తోడని నీళ్లు

బైబిలులోని లేవీయకాండం 11వ అధ్యాయం 36వ వచనంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. చచ్చిన బల్లి పడితే మట్టికుండ అశుద్ధమవుతుంది, పగలగొట్టాల్సిందే. నేలలో ఊరే ఊటకు, నీళ్లు చేరిన గుంటకు మాత్రం ఆ మైల అంటదు. యూదు ఇల్లాలు నెలసరి తర్వాత మునిగే మిక్వే అనే కుండానికి ఈ వచనమే ఆధారం. మనిషి తోడి పోసిన నీళ్లు ఎన్ని ఉన్నా చాలవు. దేవుడు కురిపించినవో, నేల ఊరించినవో అయితేనే పనికొస్తాయి.

కట్టేటప్పుడు అంత జాగ్రత్త అందుకే. కుండం నేలలోనో, కట్టడంలో భాగంగానో ఉండాలి. తెచ్చి పెట్టిన తొట్టి చెల్లదు. కనీసం 40 సెయాల నీళ్లు కావాలి. ఈ కొలతను కొందరు పండితులు 332 లీటర్లుగా, కొందరు 573గా లెక్కగట్టారు కాబట్టి కట్టేవాళ్లు పెద్ద లెక్కనే దాటిస్తారు. వాన నీళ్లు కప్పు మీంచి వాలుగా వాటంతటవే దిగాలి, దారిలో ఏ పాత్రలోనూ ఆగకూడదు. 40 సెయాలు నిండకముందే తోడిన నీళ్లు మూడు లోగులు, అంటే లెక్కను బట్టి లీటరు నుంచి 1.8 లీటర్ల దాకా, పడితే మొత్తం చెడినట్టే. నిండాక ఎన్ని కలిసినా దోషం లేదు. ఆ వెసులుబాటు వల్లే చాలాచోట్ల పక్కన ఇంకో కుండం కట్టి, కుళాయి వేడినీళ్లు పట్టి, రెండు వేళ్లు సులువుగా తిరిగేంత రంధ్రంతో వాన గుంటకు కలుపుతారు. గుంటకు పగులు వచ్చి నీరు కారితే అది పారే నీరు అవుతుంది. ఊటకైతే పర్వాలేదు గానీ వాన నీటికి అది దోషం.

ఇక రోజుల లెక్క. అష్కెనాజీల (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల) ఆచారంలో నెలసరి మొదలైన రోజుతో కలిపి కనీసం ఐదు రోజులు ఆగుతారు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీల్లో చాలామందికి నాలుగు చాలు. రక్తం ఆగాక, సూర్యాస్తమయం లోపు మెత్తని తెల్లగుడ్డతో పరీక్షించుకోవాలి. మర్నాటి నుంచి ఏడు శుద్ధ దినాలు. రోజూ రెండు పూటలా పరీక్ష చేసుకోవాలి. మొదటి రోజుది, ఏడో రోజుది అస్సలు తప్పకూడదు. మధ్యలో రక్తం కనిపిస్తే మళ్లీ ఆ పరీక్షతో మొదలుపెట్టి ఏడూ లెక్కించాలి. ఆవగింజంత చుక్క కనిపించినా ఏడు రోజులూ ఆగే పట్టుదల ఇశ్రాయేలు ఆడపడుచులు తమంతట తాము పెట్టుకున్నదని యూదు ధర్మచర్చల ప్రాచీన సంకలనమైన తల్ముద్ చెబుతుంది. పండితులు విధించిందని కాదు, ఆడవాళ్లే ఎంచుకున్నారని రాసి ఉంచడం ఎంత గౌరవం!

మునిగే ముందే ఒళ్లు శుభ్రంగా ఉండాలి. ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డు రాకూడదు. తలంటుకుని చిక్కు తీయడం, గోళ్ల కింద మట్టి తీయడం, పళ్ల సందులు శుభ్రం చేయడం, ఉంగరాలు, కాటుక, కాంటాక్ట్ లెన్సులు తీసేయడం, ఇదంతా గంట పని. పళ్లలో ఇరుక్కుంటుందని ఆ రోజు మాంసం తినరు. చీకటి పడ్డాక నీళ్లలోకి దిగి, కాస్త వంగి, కళ్లూ పెదాలూ బిగించకుండా మునగాలి. పెదాలు గట్టిగా నొక్కితే అక్కడికి నీరు చేరదు. ఒక్క వెంట్రుక పైకి తేలినా మునక చెల్లదు, పక్కనున్న సహాయకురాలు చూసేది అదే. అష్కెనాజీ స్త్రీలు ఒకసారి మునిగి, నీళ్లలోనే ఆశీర్వచనం చెప్పి, మళ్లీ మునుగుతారు.

ఇంత శుభ్రపడ్డాక నీళ్లు ఇంకేం కడుగుతాయి? 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ సూటిగా చెప్పాడు: అశుద్ధి అంటే నీటితో పోయే బురద కాదు, ఇది శాస్త్రాజ్ఞ, హృదయ సంకల్పం మీద ఆధారపడింది.

మన వైపు అంటు పాటించే ఇళ్లను చూసిన కళ్లతో దీన్ని చూడకూడదు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోజుల్లోనూ ఆమె అందరికీ వండి పెట్టవచ్చు, ప్రార్థించవచ్చు, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినమైన సబ్బాతుకు దీపాలు వెలిగిస్తుంది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక శుద్ధి నియమాల్లో చాలావరకు ఆచరణలో లేకుండా పోయాయి. దంపతుల మధ్య ఎడం మాత్రం నిలిచింది: మునక అయ్యేదాకా తాకరు, ఒకరి చేతి నుంచి ఒకరు వస్తువు అందుకోరు, ఒకే పక్క మీద పడుకోరు. ఈ ఎడం ఎందుకంటే, భార్య భర్తకు పెళ్లిపందిట్లో అడుగుపెట్టిన నాటిలా ప్రియమైనది కావాలని అన్నాడు రబ్బీ మేయిర్.

సోమవారం పగలు నెలసరి మొదలై, ఐదో రోజైన శుక్రవారం పరీక్ష సరిగా వస్తే, మునక పై శుక్రవారం రాత్రి పడుతుంది. అది సబ్బాతు రాత్రి. అప్పుడు వేడినీళ్ల స్నానం, తల దువ్వడం కుదరవు గనక తయారీ అంతా దీపాలు పెట్టకముందే ముగించుకోవాలి. ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్ రాత్రి అయితే మునకే లేదు, మర్నాటి రాత్రికి వాయిదా. గుడ్డ మీద రంగు అనుమానంగా ఉంటే సొంతంగా తేల్చుకోకుండా రబ్బీకి చూపించాలి. చాలా రంగులు శుద్ధమైనవే, సిగ్గుపడి అడగకపోతే రోజులు ఊరికే పోతాయి.