తిరగవాత పొగ, గేటు తాళం

"పొగ అలారానికి సంచి కట్టి, ఈ ఇంట్లో పిల్లల్ని ఎట్లా నిద్రపుచ్చుతున్నారు?" అమెరికాలో మా అపార్ట్‌మెంట్ తనిఖీకి వచ్చినాయన అడిగిన మాట. తిరగవాతలో ఎండుమిరపకాయ పడితే అది కూయకుండా ఉంటుందా అని రోషమొచ్చింది. కానీ సంచి తప్పే. అలారం పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. ఊరికే కూస్తే కాసేపు ఆపే బటన్ చాలా అలారాలకు ఉంటుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి, 10 ఏళ్లకు మార్చాలి.

నిప్పంటుకుంటే ఇంట్లోంచి ఎట్లా బయటపడాలో ఇక్కడ పిల్లలకు బడిలోనే నేర్పుతారు: ప్రతి గదికీ రెండు దారులు, బయట అందరూ కలిసే ఒక చెట్టు. ఇంటి పటం పిల్లలతోనే గీయించాలి. తలుపును అరచేతి వెనకవైపుతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవొద్దు, రెండో దారి పట్టాలి. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేలబారున పాకాలి. బయటపడ్డాక బొమ్మ కోసమైనా వెనక్కి పోకూడదు. ఇదంతా ఏడాదికి రెండుసార్లు, ఒకసారి రాత్రిపూట, గడియారం పెట్టి సాధన చేయాలి. రెండు నిమిషాల్లోపు అందరూ చెట్టు దగ్గరుండాలి. నిద్రలో ఉన్న పిల్లలు అలారానికి లేవకపోవచ్చు. ఎవరిని ఎవరు లేపాలో, చంటిబిడ్డను ఎవరెత్తుకోవాలో ముందే అనుకోవాలి. భయపడిన పిల్లలు మంచం కింద దూరతారు. మాస్కు వేసుకున్న ఫైర్ మనిషి బూచోడు కాదని, పిలిస్తే పలకాలని పదేపదే చెప్పాలి.

కడపలో అరిస్తే వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొస్తుంది. ఇక్కడ పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలీదు. ఆ మాట నిజమే గానీ, కడపలో అట్లా వచ్చిన వాళ్లు లోపలికెట్లా వస్తారు? కిటికీలన్నిటికీ గ్రిల్లు, రాత్రి గేటుకు తాళం, చెవి అవ్వ దిండు కింద. మన జిల్లా నుంచి ఎంతోమంది పోయే కువైట్‌లో, 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం కింద అంటుకుంటే పొగ పై అంతస్తులకెక్కి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. ఎక్కువమందిని చంపింది పొగే.

సెలవులకు పోయినప్పుడు పిల్లల చేత అవ్వగారింటి పటం కూడా గీయించండి. పడకగదికొక గ్రిల్లుకు కీలు పెట్టించి, తాళం లేకుండా లోపలి నుంచి తీసే గడియ వేయించండి. వెల్డింగ్ షాపువాళ్లకు తెలిసిన పనే. గేటు తాళంచెవికి ఒకే మేకు, బయటి చేతికి అందకుండా, ఇంట్లో పెద్దపిల్లకు అందేట్టు. దారి మూసుకుపోతే తలుపు వేసి, సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీలో లైటు ఊపాలి. అట్లా చిక్కుకుంటే అక్కడి నుంచే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. దారి ఉంటే మాత్రం ఫోన్ బయటికొచ్చాకే. రాత్రి వాకిట్లో అడ్డంగా పెట్టే స్కూటర్‌ను మాత్రం ఈరోజే పక్కకు జరిపించండి. ఉన్న ఒక్క దారీ అదే.