నాలుగు డిస్కుల్లో నాలుగు పాటలు: జెప్లిన్ పెట్టె, బరంపురం తేమ

ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ పాటలు నాలుగు సీడీల పెట్టెగా (బాక్స్ సెట్) 1990లో వచ్చాయి, అందులో 54 పాటలున్నాయి. యాభై పాటలు వాళ్ళ మామూలు ఆల్బమ్‌లలో ఉన్నవే. అభిమానులు ఆ పెట్టె కోసం ఎగబడింది మిగతా నాలుగింటికి. కాబట్టి బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పాత పెట్టె ఒకటి అమ్మకానికుందని తెలిస్తే, డబ్బు తీసే ముందు చూడాల్సింది ఒకటో డిస్కు, నాలుగో డిస్కు. రెండు, మూడు మీద గీతలు పడినా ఏడవక్కర్లేదు. ఆ పాటలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఒకటో డిస్కులో 11వ పాట ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్, 14వది హే హే వాట్ కెన్ ఐ డూ, చిట్టచివరన 15వది వైట్ సమ్మర్-బ్లాక్ మౌంటెన్ సైడ్. నాలుగోది మోబీ డిక్-బాంజోస్ మాంట్రో, నాలుగో డిస్కులో 12వ పాట. ఈ వరస గుర్తుపెట్టుకోవడానికి కారణం ఉంది. ఎల్పీ రికార్డు అంచునుంచి మధ్యకి తిరుగుతుంది, సీడీని చదవడం మాత్రం మధ్యలో మొదలై అంచుకి వస్తుంది. ఒకటో డిస్కు నిడివి 73 నిమిషాలకి అటూఇటూ. అప్పటి సీడీలో పట్టేదే సుమారు 74. అంటే ఎనిమిది నిమిషాల వైట్ సమ్మర్ కూర్చున్నది సరిగ్గా బయటి అంచున. వేళ్ళు తగిలేదీ, పెట్టెలోంచి లాగేటప్పుడు గీసుకునేదీ, బూజు ముందుగా పట్టేదీ అక్కడే. అమ్మేవాళ్ళు మొదటి పాట వేసి వినిపిస్తారు, అది మధ్యలో ఉంటుంది గనుక బ్రహ్మాండంగా మోగుతుంది. మీరు 15వ పాట పెట్టించి, ఆఖరి రెండు నిమిషాలకి జరిపించి వినండి.

తరవాత డిస్కుని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టి చూడండి. సూది మొనంత చుక్కల్లో వెలుతురు దూరి వస్తుంటే లోపలి అల్యూమినియం పొర పోయిందన్నమాట. దానికి మందు లేదు. రంగు కూడా చూడాలి. ఇంగ్లండ్‌లోని ఒక కర్మాగారంలో 1988-93 మధ్య తయారైన డిస్కులు కొన్ని అంచునుంచి కంచు రంగుకి తిరిగాయి. పై లక్కపూత సరిగా లేక, కవరు కాగితంలోని గంధకం లోపలికి పోయింది. వెండి రంగు తగ్గి పసుపు-గోధుమ ఛాయ కనిపిస్తే వదిలేయండి, లేదా అదే రోజు కాపీ తీసుకోండి.

ఇక పాటల సంగతి. రివర్‌సైడ్ బ్లూస్ 1969 జూన్ 24న బీబీసీ రేడియో కోసం రికార్డు చేసింది. అసలు పాట అమెరికా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1937లో పాడాడు. రేడియోకని చేసింది కాబట్టి 21 ఏళ్ళు డిస్కు ఎక్కలేదు. హే హే వాట్ కెన్ ఐ డూ కథ వేరు. అది 1970లో అమెరికాలో ఇమిగ్రెంట్ సాంగ్ సింగిల్‌కి వెనక వైపు పాట. వాళ్ళ ఎల్పీల్లో దేనిలోనూ లేదు, సీడీగా మొదట వచ్చింది ఈ పెట్టెలోనే. పాటగా చూస్తే నాలుగింటిలో సులువుగా నోటికి వచ్చేది ఇదే. రాక్ అంటే హోరు అనుకునే ఇంట్లో పెద్దవాళ్ళ ముందు కూడా ధైర్యంగా పెట్టొచ్చు.

వైట్ సమ్మర్ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ వాయింపు. 1969 జూన్ 27న లండన్‌లో ప్లేహౌస్ థియేటర్‌లో బీబీసీ తీసుకుంది. దీని కీలకం తీగల శ్రుతిలో ఉంది. లావు తీగనుంచి సన్న తీగకి డి, ఎ, డి, జి, ఎ, డి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకా తేలిక: డిని షడ్జం అనుకుంటే స ప స మ ప స. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌కి ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కో పూర్తి స్వరం దించితే చాలు, మిగతా మూడూ కదపొద్దు. దించగానే తీగలు కాసేపు జారుతుంటాయి, రెండుసార్లు శ్రుతి చూసుకున్నాకే వాయించండి. మొదటి ఆల్బమ్‌లోని బ్లాక్ మౌంటెన్ సైడ్‌లో విరామ్ జసానీ తబలా ఉంటుంది, ఈ రేడియో రూపంలో అది లేదు. రెండూ పక్కపక్కన పెట్టి వింటేనే మజా.

మోబీ డిక్-బాంజోస్ మాంట్రో గురించి అభిమానుల్లో రెండు పక్షాలు. మోబీ డిక్ 1969 నాటి డ్రమ్స్ పాట, బాంజోస్ మాంట్రో 1976లో స్విట్జర్లాండ్‌లో మాంట్రో ఊళ్ళో రికార్డయింది. వాటిని వాయించిన బృందం డ్రమ్మర్ జాన్ బోన్హమ్ 1980లో పోయాడు. పదేళ్ళ తరవాత పేజ్ ఆ రెంటినీ సింక్లావియర్ అనే డిజిటల్ యంత్రం సాయంతో కలిపి కుట్టాడు. ముందు మోబీ డిక్ గిటార్ మెట్టు, తరవాత డ్రమ్స్. ఆ నడుమ స్టీల్ డ్రమ్ మోగినట్టు వినిపించేది మాంట్రో ముక్క. డ్రమ్స్ శబ్దాన్ని ఎలక్ట్రానిక్ పరికరం గుండా పంపడం వల్ల వచ్చిన నాదం అది. ఏడేళ్ళ తేడాతో రెండు గదుల్లో కొట్టిన దెబ్బలు కాబట్టి గది గుంయ్‌కారం మారిపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే అతుకు ఎక్కడుందో పట్టేయొచ్చు. ఇది అతుకుల బొంత అనేవాళ్ళని తప్పుపట్టలేం. అయినా పెట్టె కొనడానికి ఇవాళ మిగిలిన కారణం ఇదొక్కటే.

ఎందుకంటే మిగతావి తలోచోటికీ వెళ్ళిపోయాయి. రివర్‌సైడ్, హే హే రెండూ 2015లో మూడు డిస్కులుగా వచ్చిన కోడా ఆల్బమ్‌లో ఉన్నాయి. వైట్ సమ్మర్ 2016 నాటి కంప్లీట్ బీబీసీ సెషన్స్ మూడో డిస్కులో ఉంది. 1993లో రెండో పెట్టె తీసినప్పుడు అందులో కొత్తగా పెట్టిన ఒకే ఒక్క పాట, 1968 అక్టోబరులో రికార్డు చేసిన బేబీ కమ్ ఆన్ హోమ్, అదీ కోడాలోకి వచ్చింది. మోబీ డిక్ అతుకు పాట మాత్రం 2015 కోడాలో లేదు, 1993లో వచ్చిన పది డిస్కుల పూర్తి స్టూడియో సెట్టులోనూ లేదు. ఆ ఒక్క పాటా అక్కర్లేదనుకుంటే కోడా, బీబీసీ రెండూ కొనుక్కోండి, పని అయిపోతుంది.

కోడా మూడో డిస్కులో మనకి ఇంకా దగ్గర సరుకు ఉంది. 1972లో పేజ్, బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బొంబాయిలో ఇక్కడి వాద్యకారులతో కూర్చుని రెండు పాటలు రికార్డు చేశారు: ఫ్రెండ్స్, ఫోర్ స్టిక్స్. రెండోదానికి ఈ రూపంలో పేరు ఫోర్ హ్యాండ్స్. 43 ఏళ్ళు దొంగ రికార్డుల్లోనే తిరిగాయి. ఫ్రెండ్స్ గిటార్ శ్రుతి సి, ఎ, సి, జి, సి, ఇ. అంటే స ద స ప స గ. అందుకే మన తీగ వాద్యాలు అందులో అంత సుఖంగా ఒదిగాయి. ఫోర్ స్టిక్స్ అలా కాదు. దాని నడక ఐదూ ఆరూ కలిపి పోతుంది. నోటితో చెప్పుకుంటే 'తకతకిట', 'తకిటతకిట'. మృదంగం నేర్చినవాళ్ళెవరికైనా విడివిడిగా ఇవి పసిపాఠం. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కడ దూకాలో పాట ముందుగా చెప్పదు, అక్కడే తడబాటు. ఆల్బమ్‌లో బోన్హమ్ చేతికి రెండేసి చొప్పున నాలుగు పుల్లలతో ఈ నడకని తోసుకుపోయాడు, పేరు అందుకే వచ్చింది. బొంబాయి రూపంలో ఆయన లేడు, తోపు తగ్గింది, నడక బయటపడింది. పర్లాకిమిడి భజన బృందాల్లో తాళం వేసేవాళ్ళకి ముందు ఇదే వినిపించండి, తరవాత అసలుది.

పెట్టెలో ఒకటో డిస్కు 12వ పాట ఈ ఫ్రెండ్సే, 13వది సెలబ్రేషన్ డే. ఈ రెంటి మధ్య ఖాళీ లేదు. ఫ్రెండ్స్ చివరన మొదలైన సింథసైజర్ గుంయ్ శబ్దం సెలబ్రేషన్ డేలోకి పాకుతుంది. రికార్డింగులో సెలబ్రేషన్ డే మొదటి డ్రమ్స్ ముక్క పొరపాటున చెరిగిపోతే, ఆ కంత పూడ్చడానికి చేసిన ఏర్పాటది. ఎంపీ3గా మార్చినప్పుడు సరిగ్గా ఇక్కడే టక్కుమని ఒక మౌనం పడుతుంది. ఎంపీ3 ప్రతి ఫైలుకీ ముందూ వెనకా కొంచెం నిశ్శబ్దం తగిలిస్తుంది, దాన్ని లెక్క చూసి కత్తిరించే ప్లేయర్ కాకపోతే వినిపిస్తుంది. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ అనే రకం ఫైలుగా తీస్తే ఈ బాధ లేదు.

కాపీ తీయడానికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్. మూడూ ఉచితం. సెక్యూర్ మోడ్ పెట్టండి, ముందు టెస్ట్, తరవాత కాపీ. రెండింటి సీఆర్‌సీ అంకెలు (చదివింది సరిచూసే గుర్తు అంకెలు) ఒకటే వస్తే చదవడంలో పొరపాటు లేనట్టే లెక్క. ఇతరులు తీసిన కాపీల లెక్కలుండే ఆన్‌లైన్ జాబితా అక్యురేట్‌రిప్‌తో కూడా సరిపోలితే ఇంక అనుమానం అక్కర్లేదు. డ్రైవ్ తన క్యాష్ (తాత్కాలికంగా దాచుకునే చోటు) లోంచి పాత సమాచారమే రెండోసారీ అందిస్తే తప్పు కూడా ఒప్పులా కనిపిస్తుంది, అందుకని డ్రైవ్ క్యాష్ చేస్తుందన్న గుర్తు సెట్టింగ్‌లో ఉందో లేదో చూసుకోండి. కుదించకుండా ఉంచితే నిమిషానికి సుమారు 10 ఎంబీ, ఫ్లాక్‌లో దాదాపు సగం. డిస్కు మొత్తం తీసినా 500 ఎంబీ లోపే ఉంటుంది. 15వ పాట దగ్గర డ్రైవ్ గురగురలాడుతూ ఆగిపోతే కంగారుపడకండి, వేగం 4 రెట్లకి తగ్గించి ఆ ఒక్క పాటే మళ్ళీ తీయండి. ఇంకో డ్రైవ్‌లో పెట్టినా చాలాసార్లు ఒప్పుకుంటుంది. లేజర్ కళ్ళు అన్నీ ఒకలా చూడవు.

1990 డిస్కునుంచి తీసిన పాట, 2015 డిస్కునుంచి తీసినది ఒకే ఫోల్డర్‌లో వేస్తే కొత్తవి గట్టిగా వినిపిస్తాయి. గట్టిగా ఉన్నది బాగున్నట్టు తోస్తుంది, చెవి మోసపోయేది అక్కడే. ఫైలుని మార్చి సమం చేయకండి. రీప్లేగెయిన్ వేస్తే ట్యాగ్‌లో అంకె రాసుకుని ప్లేయరే సర్దుకుంటుంది. ఇలా ఏరికూర్చిన ఫోల్డర్‌కి పాట పాటకీ సమం చేసే ట్రాక్ గెయిన్, పూర్తి ఆల్బమ్‌కి అన్నిటినీ కలిపి ఒకేలా సర్దే ఆల్బమ్ గెయిన్.

పెట్టె క్యాసెట్లలో దొరికితే ముందు పారదర్శక కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లని పొడి కనిపిస్తే బూజే. అది పెట్టి ఆడిస్తే హెడ్‌కి అంటుకుని తరవాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. టేపుని హెడ్‌కి నొక్కే చిన్న స్పాంజి దిమ్మ జిగురు ఊడి పడిపోవడం మన తేమలో మామూలే, అప్పుడు శబ్దం మందగిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మోనో, పైగా క్యాసెట్ ప్లేయర్ నుంచి వచ్చే గట్టి సంకేతం తట్టుకోలేక శబ్దం పగులుతుంది. యూఎస్‌బీ ఆడియో పరికరం వాడండి, అతి గట్టి చోట మీటరు -6 డీబీ దాటకుండా ఉంచండి. కింద 50 హెర్ట్జ్ గుంయ్ వస్తుంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఎక్కించండి.

గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళలో జూన్ నుంచి అక్టోబరు దాకా అట్టపెట్టె తేమ పీల్చి ఉబ్బుతుంది. డబ్బాలోంచి తీసిన అప్పడం అరగంటలో మెత్తబడే రోజున పెట్టె తెరవొద్దు, బరంపురంలో అంతకు మించిన తేమమాపకం అక్కర్లేదు. లోపల స్పాంజి పలకలుంటే తీసి పారేయండి, కొన్నేళ్ళకి అవి జిగురై డిస్కుకి అంటుకుంటాయి. బట్టల బీరువాలో కలరా ఉండలు పక్కన అసలు పెట్టకూడదు, వాటి ఆవిరి సీడీ కేసుల పాలీస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది. బియ్యం డబ్బా చిట్కా ఫోన్లకే పనికిరాదు, ఇక్కడ దుమ్మూ పురుగూ అదనం. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో 100 గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి వేయండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది. గింజల్ని సంచిలోంచి తీసి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు, పూర్తిగా చల్లారాక మళ్ళీ లోపలికి.

బూజు అప్పటికే పట్టిన డిస్కుకి మామూలు నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి నూలు గుడ్డ. తుడవడం మధ్యనుంచి అంచుకి తిన్నగా, చుట్టూ తిప్పుతూ కాదు. అడ్డంగీతని ప్లేయర్ దాటేస్తుంది, పాట దారి వెంబడి పడ్డ గీతని దాటలేదు. బొమ్మ అచ్చువేసిన పైవైపు ఇంకా జాగ్రత్త, పాట పొర ఆ పూతకి వెంటనే కిందే ఉంటుంది. తుఫాను నీళ్ళలో మునిగినవైతే ముందు మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడిగి, నిలువుగా నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. పెట్టెతో వచ్చిన పుస్తకం తడిస్తే దాన్ని డిస్కులతో కలిపి ఆరబెట్టకండి, పేజీలు వాటికే అంటుకుపోతాయి.