సెన్సర్ మార్చమన్నారు, గొట్టం మార్చాను

ఆ నెల ఇంటి ఖర్చులు పోగా కారు మీద పెట్టడానికి నా దగ్గర మిగిలింది చాలా తక్కువ. ఆ సంగతి తెలిసినట్టే చెక్ ఇంజిన్ దీపం సరిగ్గా అప్పుడే వెలిగింది. పసుపు రంగులో, నిలకడగా. ఈ నిలకడ ముఖ్యం. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. ఆ పెట్రోలు పొగ గొట్టం దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. కారులో బాగా ఖరీదైన భాగాల్లో అదొకటి కాబట్టి అప్పుడు బండి పక్కకు తీసి ఆపేయడమే చవక. ఇక ఆయిల్ ప్రెషర్, ఇంజిన్ వేడి చూపించే ఎర్ర దీపాలు వెలిగితే రెండో ఆలోచన అక్కరలేదు, ఆపాల్సిందే. నాది నిలకడైన పసుపు. బండి కుదపడం లేదు, ఊపు తగ్గలేదు. ఆలోచించుకోవడానికి కాస్త సమయం ఉంది.

ఇలాంటప్పుడు కార్ల గురించి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ చెప్పే మొదటి సలహా, పెట్రోలు ట్యాంకు మూత బిగించమని. బిగించాను, పోయేదేముంది? మూత వదులైతే పెట్రోలు ఆవిరి బయటికి పోతుంది, అందుకు పి0455 లాంటి కోడ్‌లు, అంటే కారు కంప్యూటర్ లోపం కనిపెట్టి రాసుకునే గుర్తులు, వేరే ఉన్నాయి. నాది ఆ కుటుంబం కాదని తర్వాత తేలింది.

కోడ్ చదివించడానికి ఒక గ్యారేజీకి వెళ్లాను. మెకానిక్ స్కానర్ తగిలించి, పి0171 అని చూపించి, ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాలి’ అన్నారు. పోయిందని ఎలా తెలిసిందండీ అని అడిగాను. ‘కోడ్ అదే చెబుతోంది కదా’ అన్నారు. కోడ్ ఆ మాట చెప్పదు. ఇంజిన్‌కు అందే మిశ్రమంలో గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా ఉందని మాత్రమే పి0171 చెబుతుంది. ఆ సంగతి కనిపెట్టి కంప్యూటర్‌కు చేరవేసేదే ఆక్సిజన్ సెన్సర్. కబురు తెచ్చినవాడి మీదే నేరం మోపితే ఎలా? ఆయన చెప్పిన ధర నా దగ్గరున్న మొత్తాన్ని ఎప్పుడో దాటిపోయింది కాబట్టి, ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను. చేతిలో డబ్బుంటే బహుశా అక్కడే సరే అనేసేదాన్ని.

ఉన్న కాస్త డబ్బులో కొంత పెట్టి, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ అడాప్టర్, అంటే కారు కంప్యూటర్ చెప్పేది ఫోనులో చూపించే పరికరం, కొన్నాను. ఈఎల్ఎం327 పేరుతో దొరికే రకం. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌లో అది కూర్చుంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ సాకెట్ తప్పనిసరి అయింది. పి0తో మొదలయ్యే కోడ్‌ల అర్థం ఏ కంపెనీ కారుకైనా ఒకటే కావడం ఆ నిబంధనల పుణ్యమే. అయితే నాకు కావలసింది కోడ్ కాదు, అది తెలిసిందే. దాని వెనక ఉన్న అంకెలు కావాలి.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లు చెడకుండా కంప్యూటర్ క్షణక్షణం పెట్రోలును కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది. ఆ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్, అలవాటుగా మారినది లాంగ్ టర్మ్. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే మామూలే. సవరణ 20, 25 శాతం దాకా పెరిగినా సరిపోకపోతే చాలా కార్లలో పి0171 నమోదవుతుంది. బండి నిలిపి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి చూస్తే నా కారులో లాంగ్ టర్మ్ 21, షార్ట్ టర్మ్ మరో 2. యాక్సిలరేటర్ తొక్కి నిమిషానికి 2500 చుట్ల దగ్గర నిలిపి పట్టుకుంటే, రెండూ కలిపి 6కు పడిపోయాయి.

ఆ పడిపోవడం చూశాక సగం భయం పోయింది. ఎందుకంటే, ఐడ్లింగ్‌లో గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, దాని వెనక సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో పీల్చే శక్తి బలంగా ఉంటుంది. అక్కడ ఎక్కడైనా చీలిక ఉంటే గాలి దొంగదారిన లోపలికి దూరుతుంది. లోపలికి వచ్చే గాలిని ఎయిర్ ఫ్లో సెన్సర్ కొలిచే దారిలో రాలేదు కాబట్టి ఆ గాలి లెక్కలోకి ఎక్కదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ తక్కువ గాలి తీసుకుంటున్నప్పుడు ఈ దొంగ గాలి వాటా పెద్దది, చుట్లు పెరిగి అసలు గాలి ఎక్కువయ్యేకొద్దీ దాని వాటా చిన్నదవుతుంది. అదే పెట్రోలు పంపు బలహీనపడినా, ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద మురికి పట్టినా కథ తలకిందులుగా ఉంటుంది, బండి మీద భారం పెరిగేకొద్దీ సవరణ కూడా పెరుగుతుంది. కోడ్ నమోదైన క్షణంలోని వివరాలను కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో దాచుకుంటుంది. అందులో వేగం సున్నా, ఇంజిన్ వేడిగా ఉంది, చుట్లు 750. ఏదో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పడిందన్నమాట. అదీ లీకు వైపే చూపిస్తోంది.

గ్యారేజీ వాళ్లు పోయిందన్న సెన్సర్‌ను కూడా చూశాను. నా కారులో ఉన్నది పాత రకం ఆక్సిజన్ సెన్సర్, దాని వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ ఉండాలి. ఊగుతోంది. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే వెంటనే 0.8 దాటింది. చచ్చిన సెన్సర్ అంత చురుగ్గా ఉండదు.

మిగిలింది లీకు వెతకడం. జుట్టు గట్టిగా ముడి వేసుకుని, చేతికి వేలాడేవేవీ లేకుండా చూసుకుని, నడుస్తున్న ఇంజిన్ మీద బానెట్ ఎత్తాను. బెల్టు, ఫ్యాను తిరుగుతుంటాయి కదా. చాలామంది కార్బురేటర్ క్లీనర్ చల్లి చూడమంటారు. అది భగ్గున అంటుకునే ద్రవం, వేడి ఇంజిన్ మీద దాన్ని చల్లడానికి నాకు మనసొప్పలేదు. ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను మానిఫోల్డ్ చుట్టూ ఉన్న ప్రతి గొట్టం వెంబడీ నెమ్మదిగా తిప్పాను. ఇంజిన్ చప్పుడు మామూలుగా వింటే అంతా ఒకటే రొద. ఈ ముక్కతో వింటే మాత్రం ఒక మూల సన్నని బుస వినిపించింది. ఇంజిన్ అడుగు భాగంలో చేరే ఆవిరిని తిరిగి మానిఫోల్డ్‌కు పంపే పీసీవీ గొట్టం అది. మానిఫోల్డ్ వైపు చివరను, గుడ్డ చుట్టిన పట్టకారుతో మెల్లగా నొక్కాను. బుస ఆగింది, ఫోనులో షార్ట్ టర్మ్ చూస్తుండగానే మైనస్ 15కు పడింది. ఇక సందేహం లేదు.

ఇంజిన్ చల్లారాక గొట్టం ఊడదీశాను. పైనుంచి నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంది. వంపు తిరిగే చోట అడుగున వేలు పెడితే జిడ్డు అంటింది. అక్కడ వంచి చూస్తే చేప నోరులా తెరుచుకుంది. ఏళ్ల తరబడి ఆయిల్ ఆవిరి, వేడి తగిలి రబ్బరు పెళుసెక్కింది. టేపు చుట్టే ఆలోచన అక్కడే మానేశాను, జిడ్డు రబ్బరుకు టేపు నిలవదు. తిన్నని గొట్టం కొని వంచితే ఆ మలుపులో నులుచుకుపోతుంది, రేడియేటర్ నీళ్ల గొట్టం పెడితే ఆయిల్ ఆవిరికి ఉబ్బుతుంది. పాత సామాన్ల దుకాణంలో వెతకడం కూడా దండగే, అక్కడ దొరికేదీ ఇంతే వయసున్న రబ్బరు. అందుకే ఆ మోడల్‌కే తయారైన వంపు గొట్టం తెప్పించాను. సెన్సర్ ధర పక్కన దాని ధర లెక్కలోకే రాదు. అదే చేత్తో పీసీవీ వాల్వ్‌ను తీసి ఊపి చూశాను, లోపల గలగలమంది. బిగుసుకుపోలేదు, అదే వాల్వ్ తిరిగి పెట్టేశాను.

ఒకవేళ లీకు దొరక్కపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉంచుకున్నాను: ఏదైనా గ్యారేజీకి వెళ్లి ‘స్మోక్ టెస్ట్ ఒక్కటే చేయండి, ఏ భాగమూ మార్చవద్దు’ అని అడగడం. గాలి దారిలోకి పొగ పంపి అది ఎక్కడ బయటికి వస్తుందో చూసే పరీక్ష అది. పరీక్షకు మాత్రమే డబ్బు కడతానని చెప్పడంలో మొహమాటం ఏమీ అక్కరలేదు.

గొట్టం మార్చాక కోడ్‌ను కావాలనే చెరిపేయలేదు. చెరిపినా, బ్యాటరీ తీగ పీకినా, కంప్యూటర్ తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా పోతాయి. ఆ వెంటనే కాలుష్య పరీక్షకు వెళితే ‘సిద్ధంగా లేదు’ అని తిప్పి పంపే చోట్లున్నాయి. పైగా లాంగ్ టర్మ్ అంకె దానంతట అదే దిగడం చూడాలనుకున్నాను, మరమ్మతు సరైనదే అనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? ఆ అంకె మెల్లగా దిగి 3 దగ్గర కుదురుకుంది. వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష పూర్తయి లోపం కనిపించకపోతే దీపం తనే ఆరుతుంది, నా కారులోనూ అలాగే ఆరింది.

ఇప్పుడు బానెట్ కింద అదే వయసున్న గొట్టాలు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో బ్రేకు బూస్టర్‌కు వెళ్లేది చీలితే పోయేది పెట్రోలు లెక్క ఒక్కటే కాదు, బ్రేకు తొక్కాల్సిన బలం కూడా పెరుగుతుంది. వచ్చే నెల డబ్బులో ముందు దాని వంతు.