ప్లేటు మీద గెలిచిన వెల్లుల్లి

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే మా మైక్రోబయాలజీ ల్యాబంతా వెల్లుల్లి వాసనే. కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్ట్‌ని, అంటే ఒక రకం ఫంగస్‌ని, జెల్లీలాంటి అగర్ పోసిన ప్లేటు మీద పరిచి, మధ్యలో గుంట చేసి, అందులో వెల్లుల్లి రసం పోసి ఇంక్యుబేటర్‌లో పెడతారు పిల్లలు. మర్నాటికి ప్లేటంతా మీగడ రంగు పొర, గుంట చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. దాన్నే జోన్ అంటాం. పక్కనున్న ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు డిస్క్ జోన్‌తో కొలిచి చూసి, "మందుకన్నా మనదే పెద్దది మేడమ్!" అని ఒకటే సంబరం. రెండింటి మోతాదులూ వేరు, అగర్‌లో పాకే తీరూ వేరు, అలా పోల్చకూడదు అని ఏటా చెప్తాను. ఏటా రికార్డులో అదే వాక్యం రాస్తారు!

ఒక బ్యాచ్ వాసన భరించలేక రెబ్బల్ని అలాగే ఉడికించి రసం తీసింది. జోన్ రాలేదు. నాకైతే ఆ ప్లేటే నచ్చింది. రెబ్బలో అలియిన్ అనే పదార్థం ఒక అరలో, అలినేజ్ అనే ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. దంచితేనే రెండూ కలిసి, ఈస్ట్‌ని ఆపే అలిసిన్ పుడుతుంది. ముందే ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక పుట్టేదేముంది? 1944లో అమెరికాలో కవలిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు విడదీసింది ఈ అలిసిన్‌నే. ఈస్ట్ ప్రోటీన్లలోని గంధకపు గుంపులను పట్టుకుని వాటి పని ఆపేస్తుంది. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌నీ ఖర్చు చేయించేస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను మైక్రోబయాలజీ చెప్తానని తెలిసి మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లు గొంతు తగ్గించి అడిగేది వేరే. "తెల్లబట్టకి పచ్చి వెల్లుల్లి తింటే తగ్గుతుందటగా?" తెల్లబట్టంతా కాండిడా వల్లే రాదు, అది ముందు సంగతి. కాండిడా అనుకున్నా, తిన్న అలిసిన్ రక్తంలో అలిసిన్‌గా కనబడదు, దారిలోనే మారిపోతుంది. మెల్‌బోర్న్‌లో 63 మంది ఆడవాళ్లకు రెండు వారాలు వెల్లుల్లి మాత్రలో, ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి చూశారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. వెల్లుల్లి మాత్రలు కాండిడాను తగ్గించినట్టు తేలలేదు.

అయితే రెబ్బ నేరుగా లోపలే పెట్టుకుంటే సరి అనే సలహా ఫోన్లలో తిరుగుతోంది. వద్దు తల్లీ! పచ్చి వెల్లుల్లి కట్టు కట్టుకుని మామూలు చర్మమే బొబ్బలెక్కిన కేసులు వైద్య పత్రికల్లో బోలెడున్నాయి. అంతకన్నా పల్చటి చోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాగని పైపూతగా వెల్లుల్లి పనికిరాదనీ అనను. నూనెలో నానిన వెల్లుల్లిలో వచ్చే అజోయిన్‌తో క్రీమ్ చేసి వెనెజులాలో కాలివేళ్ల మధ్య ఫంగస్‌కి వాడితే తగ్గింది. అది కొలిచి కలిపిన క్రీమ్, రోట్లో నూరిన ముద్ద కాదు.

మాటిమాటికీ తిరగబెడుతుంటే డాక్టరమ్మకి చూపించుకుని, పనిలో పనిగా షుగర్ టెస్ట్ కూడా చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే కాండిడాకి పండగే. వెల్లుల్లి కారం మాత్రం మానక్కర్లేదు, ఇడ్లీల్లోకి నేనూ చేస్తాను.